గాలపు దారం తనిఖీ, మార్పిడికి తగిన సమయం: చేవెళ్ళ, మొయినాబాద్ జలవనరుల నేపథ్యం

రంగారెడ్డి జిల్లాలోని మొయినాబాద్ ప్రాంతం రెండు పెద్ద జలాశయాల నడుమ ఉన్నది. 1908 నాటి మూసీ వరదల అనంతరం మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీ నదిపై హిమాయత్‌సాగర్ 1927లోను నిర్మితమయ్యాయి. ఎగువన ఉన్న చేవెళ్ళ పరిసరాలలో వర్షాధారమైన చెరువులు, కుంటలు ఉన్నాయి. ఇటువంటి నీటిలో బొచ్చె, రోహు, మోసు, కొర్రమీను వంటి చేపలను గాలంతో పట్టేవారికి దారమే ప్రధాన పెట్టుబడి కాకపోయినా, అది తెగితే చేపతో పాటు గాలం, ఆ పూట శ్రమ కూడా నష్టమవుతాయి. నీటిలో మిగిలిన దారం పక్షులకు, ఇతర జలచరాలకు ఉచ్చుగా మారుతుంది. కాబట్టి దారాన్ని ఎప్పుడు పరీక్షించాలో, ఎప్పుడు మార్చాలో తెలియజేయడం విస్తరణ కార్యక్రమాలలో భాగం కావలసి ఉన్నది.

దారం బలహీనపడే తీరు

వాడుకలో ఉన్న ఒంటిపోగు దారం ఎక్కువగా నైలాన్‌తో తయారవుతుంది. నైలాన్ నీటిని పీల్చుకుంటుంది. తడిసినపుడు దాని బలం సుమారు 10 నుండి 15 శాతం తగ్గి, ఆరిన తరువాత చాలావరకు తిరిగి వస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల వలన కలిగే నష్టం అటువంటిది కాదు. అది పోగులోని అణుశృంఖలాలను తెంచివేస్తుంది, ఆ బలం తిరిగి రాదు. ఏప్రిల్, మే నెలల ఎండలో గట్టుపై వదిలిన దారం వాడకపోయినా పాడవుతుంది.

మూడవ కారణం రాపిడి. గట్టు రాళ్ళు, నీట మునిగిన సర్కారు తుమ్మ మొదళ్ళు, కర్ర కొనన ఉన్న అరిగిన రింగులు దారంపై గాట్లు పెడతాయి. బొచ్చె, రోహు వంటి చేపలకు దవడలలో పళ్ళు ఉండవు. కొర్రమీనుకు పదునైన పళ్ళు ఉండుట వలన గాలానికి చేరువలోని అడుగు పొడవు దారం త్వరగా అరుగుతుంది.

నాల్గవది ముడి. ఉదాహరణకు 10 కిలోల బలం గల దారం తడిసి 15 శాతం కోల్పోతే 8.5 కిలోలు మిగులుతుంది. ముడి వద్ద అందులో 60 శాతమే నిలిస్తే వాస్తవ బలం 5.1 కిలోలు మాత్రమే. దీనికి ఒక గాటు తోడైతే మధ్యస్థపు చేపకు కూడా అది నిలువదు. పొడిగా బిగించిన ముడి రాపిడి వేడికి దెబ్బతింటుంది, కనుక ముడిని తడిపి బిగించాలి.

తనిఖీ విధానం

ప్రతి వేటకు ముందు చివరి 2 నుండి 3 మీటర్ల దారాన్ని వేళ్ళ మధ్య నెమ్మదిగా లాగి చూడాలి. గరుకుదనం తగిలితే అంతవరకు కత్తిరించి ముడి తిరిగి వేయాలి. తెల్లబారుట, పెళుసుదనం, చుట్ట విప్పినా సాగని మెలికలు దారమంతా వృద్ధాప్యానికి వచ్చిందనుటకు గుర్తులు.

సందేహం ఉన్నపుడు స్ప్రింగ్ కాటా ఉపయోగపడుతుంది. వాడిన కొన నుండి ఒక మీటరు, చీకటిలో భద్రపరచిన అదే రకం కొత్త దారం నుండి ఒక మీటరు తీసుకొని, రెండింటిని రెండు గంటలు నానబెట్టి, ఒకే రకపు ముడితో కాటాకు కట్టి నెమ్మదిగా లాగాలి. ఒక్కొక్కటి మూడేసి సార్లు పరీక్షించి సగటు తీయాలి. వాడిన దారం కొత్తదానిలో మూడు వంతుల బలానికి దిగువన తెగితే దానిని మార్చుట ఆచరణయోగ్యమైన నియమం. చుట్టలో లోపలి భాగం బాగుంటే దారాన్ని తిప్పి చుట్టుకొని మరికొంత కాలం వాడవచ్చు.

కాలానుగుణ మార్పిడి

తొలకరికి ముందు వేసవి ఎండ ప్రభావాన్ని, వరద తగ్గిన తరువాత కొట్టుకొచ్చిన కంపల వలన కలిగిన గాట్లను పరీక్షించాలి. 2020 అక్టోబరులో వలె జలాశయపు గేట్లు ఎత్తవలసి వచ్చిన ఏడాది ఈ రెండవ తనిఖీ మరింత అవసరం. తరచుగా వేటాడేవారు ఏడాదికి ఒకసారైనా దారాన్ని పూర్తిగా మార్చడం మేలు. దారం ఎక్కించిన తేదీని చుట్టపై వ్రాసి ఉంచితే వయస్సు విషయంలో ఊహకు తావుండదు.

తొలగించిన దారం నీటిలో గాని మట్టిలో గాని త్వరగా శిథిలం కాదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లు తాగునీటి కోసం కూడా నిర్మించినవి. కావున దారాన్ని గట్టుపై వదలక, కాల్చక, చిన్న ముక్కలుగా కత్తిరించి చెత్తబుట్టకు చేర్చాలి. విస్తరణ శాస్త్రవేత్తలు గ్రామ ప్రదర్శనలలో కాటా పరీక్షను మత్స్యకారుల చేతనే చేయించినచో, కంటికి కనబడని బలహీనతను వారు స్వయంగా గుర్తించగలుగుతారు.