ఎదగడం మరచిన కణాలు

పండుగనాడు నల్లీ ఎముకను తట్టి మూలుగను ఇష్టంగా ఆరగించే మనం, మన ఎముకలలోని మూలుగ ఏమి చేస్తున్నదో అరుదుగా ఆలోచిస్తాము. అక్కడి మూలకణాల సంతతి నుంచి రోజుకు దాదాపు 20 వేల కోట్ల ఎర్రకణాలు తయారవుతున్నాయి. తెల్లకణాలు వేరు. పుట్టిన ప్రతి కణమూ దశలు దాటి పరిణతి చెందుతుంది, తన విధిని నెరవేరుస్తుంది, అల్లాహ్ నిర్ణయించిన గడువు తీరగానే రాలిపోతుంది.

అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో ఈ క్రమం తప్పుతుంది. తెల్లకణాలు బాల్యదశలోనే ఆగిపోతాయి. ఎదగవు గనుక సకాలంలో రాలిపోవు. విభజన చెందుతూ మూలుగనంతా ఆక్రమిస్తాయి. కీమోథెరపీ వాటిని చంపజూస్తుంది. వాటిని చంపే బదులు ఎదిగేటట్లు చేయలేమా అన్నది ఇంకొక మార్గం.

చైనాలోని షాంఘై నగరంలో రుయిజిన్ ఆసుపత్రి వైద్యుడు వాంగ్ జెన్‌యీ ఈ మార్గాన్నే పట్టారు. 1985లో ప్రోమైలోసైటిక్ ల్యుకేమియాతో ప్రాణాపాయంలో ఉన్న 5 ఏళ్ల బాలికకు విటమిన్ ఎ నుంచి వచ్చే రెటినాయిక్ ఆమ్లాన్ని ఇప్పించారు. బాలిక కోలుకుంది. 1988లో ఆయన బృందం 24 మంది రోగుల వివరాలు ప్రచురించింది; అందరిలోనూ వ్యాధి ఉపశమించింది. కీమోథెరపీలో వలె మూలుగ ఖాళీ కాలేదు. రోగకణాలే పరిణతి పొంది, సాధారణ తెల్లకణాల వలె తమ ఆయువు ముగించుకున్నాయి.

ఈ వ్యాధిలో 15వ, 17వ క్రోమోజోముల ముక్కలు తారుమారై ఒక వికృత ప్రోటీను పుడుతుంది. ఎదుగుదలకు అడ్డుపడేది అదే. మందు మోతాదులోని రెటినాయిక్ ఆమ్లం ఆ అడ్డును తొలగిస్తుంది. (క్యారెట్లు తిన్నా, విటమిన్ మాత్రలు మింగినా ఆ పని జరగదు.)

మరి ఇతర మైలాయిడ్ క్యాన్సర్లలో ఈ మందు ఇంతగా ఎందుకు ఫలించలేదు? ఒక కారణం కణంలో కాక దాని ఇరుగుపొరుగులో దొరికింది. రక్త మూలకణం తన పరిసరాల మాట వింటుందని 1978లోనే రేమండ్ స్కోఫీల్డ్ ప్రతిపాదించారు. మూలుగలో రక్తకణాలను పుట్టించే మూలకణాలే గాక, వాటికి ఆధారంగా ఎముకను, కొవ్వును తయారుచేసే మరో జాతి మూలకణాలు కూడా ఉన్నాయి. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గాబ్రియేల్ గియార్, రిచర్డ్ జోన్స్ ప్రభృతులు ఈ ఆధార కణాలు సివైపీ26 అనే ఎంజైముతో రెటినాయిక్ ఆమ్లాన్ని విచ్ఛిన్నం చేస్తున్నాయని చూపారు. రక్త మూలకణం అకాలంలో ఎదిగిపోయి, మూలనిధి తరిగిపోకుండా కాపాడే ఏర్పాటు అది. అదే నీడలో రోగకణమూ తలదాచుకుంటుంది. పాత్రలో ఒంటరిగా పెంచినప్పుడు మందుకు లొంగిన కణాలు, ఆధార కణాల సరసన ఉంచగానే లొంగలేదు. తల్లి తన బిడ్డపై కప్పిన కొంగు కిందికి దొంగ దూరినట్లున్నది ఈ వ్యవహారం. ఆ ఎంజైముకు చిక్కని మందుల కోసం ప్రయత్నాలు సాగుతున్నాయి.

ప్రోమైలోసైటిక్ రకానికి రెండో ఆయుధం తెల్ల పాషాణం, అనగా ఆర్సెనిక్ ట్రయాక్సైడ్. 1970లలో హార్బిన్ నగర వైద్యుడు జాంగ్ టింగ్‌డాంగ్ బృందం దీని గుణాన్ని గుర్తించింది. ఇది ఆ వికృత ప్రోటీనునే నశింపజేస్తుంది. 2013లో ఫ్రాంచెస్కో లో కోకో నాయకత్వాన ప్రచురితమైన పరీక్షలో, తీవ్రత తక్కువగానో మధ్యస్థంగానో ఉన్న రోగులకు కీమోథెరపీ లేకుండా ఈ రెండు మందులే ఇచ్చారు. రెండేళ్ల తరువాత 97 శాతం మందిలో వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నది. విషం ఔషధమవుతుందా అని సంశయించేవారికి ఒక మాట: హాని కంటే ప్రయోజనమే ప్రబలమని నిపుణులు నిర్ధారించిన మోతాదును ఫుఖహాలు అనుమతించారు. నాటు వైద్యుడి పొట్లంలోని పాషాణానికి ఈ అనుమతి వర్తించదు.

చికిత్స ఉన్నా ఈ వ్యాధిలో తొలి రోజులే గండం. రక్తం గడ్డకట్టే గుణం దెబ్బతిని మెదడులోనో, ఊపిరితిత్తులలోనో రక్తస్రావమై రోగి మరణించవచ్చు. దెబ్బ తగలకుండానే ఒంటిపై కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి ఆగని రక్తం, వీటికి తోడు జ్వరం, నీరసం కనిపిస్తే తాయెత్తుల కోసం తిరుగుతూ కాలం గడపరాదు. చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారు. దుఆ మానమని మేము అనడం లేదు. ఆసుపత్రికి వెళ్తూ దారిలోనూ చేయవచ్చు. రంజాన్ అయితే రోగికి ఉపవాసం నుంచి సడలింపు ఉన్నది. మందు మొదలయ్యాక జ్వరం, ఆయాసం, ఒంట్లో నీరు చేరడం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఒక్కసారిగా ఎదుగుతున్న కణాల వల్ల అలా జరుగుతుంది, దానికీ మందున్నది. ఈ వ్యాధి అని అనుమానం కలిగితే చాలు, జన్యు పరీక్ష ఫలితం కోసం ఆగకుండానే వైద్యులు రెటినాయిక్ ఆమ్లం బిళ్లలు ఆరంభిస్తారు.