మనోవ్యాధికి పరిహారము దొరుకునా?

పొదటూరుపేట, అమ్మయారుకుప్పము ప్రాంతముల మన ఇండ్లలో ఒంటికి జబ్బు చేసిన డాక్టరు వద్దకు పోవుదుము. నిద్రపట్టక, అన్నము సహించక, మగ్గము ముందు కూర్చున్నను చేయి ఆడని మనిషికి మాత్రము దిష్టి తీసి, తిరుత్తణి కొండకు మ్రొక్కుకొని ఊరకుందుము. మ్రొక్కు మంచిదే. కాని అప్పు, పనిలేమి, రేపు పడుగు వచ్చునో రాదో అను బెంగ మనిషిని పడవేసినప్పుడు అదియు పనివలన వచ్చిన జబ్బే. దానికి పరిహారమున్నదా అని సభ్యులు అడుగుచున్నారు.

1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టములో వృత్తివ్యాధుల పట్టిక ఉండెను. ప్రత్తి దుమ్ము వలన వచ్చు ఊపిరితిత్తుల జబ్బు అందులో చేరినది. మనోవ్యాధి చేరలేదు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి పట్టికలోను అది లేదు.

అయినను దారి పూర్తిగా మూసుకొనలేదు. 2012 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక లారీ డ్రైవరు కేసులో, దూరప్రయాణపు శ్రమ, ఒత్తిడి వలననే గుండె ఆగినదని ఒప్పుకొని కుటుంబమునకు పరిహారమిప్పించినది. 2006లో ఒక లారీ క్లీనరు గుండెపోటుతో పోయిన కేసులో మాత్రము, పనికిని చావుకును సంబంధము రుజువు కాలేదని కొట్టివేసినది. అంటే జబ్బు ఒక్కటే చాలదు, రుజువు కావలెను.

ఇక మన చిక్కు. డ్రైవరుకు యజమాని ఉన్నాడు. షెడ్డులో కూలికి పవర్‌లూము నడుపువానికిని ఉన్నాడు. సొంత ఇంట, సొంత మగ్గముపై నేయువానికి ఎవరున్నారు? నూలిచ్చిన షావుకారు, "నేను బట్టకు కూలి ఇచ్చితిని గాని మనిషిని పనిలో పెట్టుకొనలేదు" అనును. కండెలు చుట్టు ఆడవారి పేరైతే ఏ లెక్కలోను ఉండదు. కనుక నూలు చీటీలు, కూలి పుస్తకము పారవేయకుడు. డాక్టరుతో ఏ పని, దినమునకు ఎన్ని గంటలు, ఎన్నాళ్లనుండి బాధ అన్నది చెప్పి చీటీలో వ్రాయించుకొనుడు.

వైద్య ఇన్సూరెన్సు ఉన్నవారికి కొంత మేలు. 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టము 21వ సెక్షను ప్రకారము శరీర వ్యాధులతో సమానముగా మనోవ్యాధికిని ఇన్సూరెన్సు వర్తింపజేయవలెను. "మనోవ్యాధి గనుక ఇవ్వము" అని కంపెనీ వ్రాసినచో ఆ కాగితము సంఘమునకు తెండు.

పరిహారము వచ్చువరకు జబ్బు ఆగదు. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్‌కు 14416 నంబరున రాత్రింబగళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోను మాటాడవచ్చును. ఈ నంబరు ఇంటి ఆడవారు మగ్గము ప్రక్క గోడపై వ్రాసి ఉంచవలెను. మగవారు తమంతట వ్రాయరని మా అనుభవము.