బుల్లెట్ పడితే లేపేదెట్లా?

గోదావరిఖనిలో వానాకాలం బండి నడపడం ఒక విద్య బిడ్డా. బొగ్గు లారీల మీదినుంచి రాలిన పొడి ఎండాకాలమంతా రోడ్డు అంచున పేరుకుని ఉంటది. తొలి వాన పడగానే అది నల్లటి బురదై టైరుకూ తారుకూ మధ్య చేరుతది. అట్లాంటి చోట మెల్లగా మలుపు తిరుగుతుంటేనో, గేటు దగ్గర ఆగుదామని కాలు కింద పెడితేనో, కాలు సర్రున జారుతది. బండి ఒరుగుతది. బరువైన బండ్లు ఎక్కువగా పడేది ఇట్లాంటి చోట్లనే, ఆగేటప్పుడో కదిలేటప్పుడో.

ఎందుకంటే, పోతున్న బండి తనను తాను కాపాడుకుంటది. చక్రాలు గిర్రున తిరగడం వల్లనే అది నిలబడుతుందని మా చిన్నప్పుడు చెప్పేవాళ్లు. అది సగం మాటే. 2011లో నెదర్లాండ్స్, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి, చక్రాల తిరుగుడు బలాన్ని రద్దు చేసే ఎదురు చక్రాలు బిగించి ఒక చిన్న సైకిల్ చేశారు. తొక్కే మనిషి లేకుండానే అది పడకుండా పోయింది. ఏ పక్కకు ఒరిగితే ముందు చక్రం ఆ పక్కకే తిరుగుతది, ఒరిగిన బరువు కిందికి టైర్లు పోయి చేరుతయి. గుట్టంతా అందులోనే ఉంది. ఆగిన బండికి ఆ వీలు లేదు. ఇక మన కాలే దిక్కు.

ఆ కాలు ఎంత ఆపగలదో లెక్క చూద్దాం. స్ప్లెండర్ 112 కిలోలు. 1955 నుంచి మద్రాసులో తయారవుతున్న బుల్లెట్ ఇప్పటి మోడల్ 195 కిలోలు. దాని బరువంతా ఒక్క చోట, నేలకు అరమీటరు ఎత్తున ఉందనుకుందాం. బండి ఐదు డిగ్రీలు ఒరిగితే, నేలకు మీటరు ఎత్తున హ్యాండిల్ పట్టుకున్న నీకు తగిలే బరువు ఎనిమిదిన్నర కిలోలు. చిటికెలో నిలబెడతావు. పది డిగ్రీలకు 17. ఇరవైకి 33, అదీ బురదలో ఒంటికాలి మీద! అంతదాకా వచ్చినంక పంతానికి పోవద్దు. వదిలెయ్, కాలు దూరంగా తీసుకో. గీత పడ్డ ట్యాంకుకు రంగు వేయించొచ్చు, మోకాలికి అట్లా కుదరదు.

పడ్డదా, ఇంజన్ ఆపు. పాత కార్బురేటర్ బండైతే పెట్రోల్ ట్యాప్ కూడా కట్టెయ్. వెనుక లారీలు వస్తున్నయేమో చూడు. వస్తుంటే ముందు నువ్వు పక్కకు జరుగు, బండి సంగతి తర్వాత.

ఇప్పుడు అసలు లెక్క. 195 కిలోలను లేపాలె అనుకోగానే గుండె జారిపోతది. కానీ నువ్వు దాన్ని గాలిలోకి ఎత్తడం లేదు. టైర్లు నేలను వదలవు. టైర్లు నేలను తాకే గీత చుట్టూ బండిని తిప్పి నిలబెడుతున్నవు, అంతే. లెగ్‌గార్డ్ ఉంటే బండి పూర్తిగా పడుకోదు, అరవై డిగ్రీల దగ్గర ఆగుతదనుకో. నిలువుగా ఉన్నప్పుడు అరమీటరు ఎత్తున ఉన్న బరువు ఇప్పుడు పావు మీటరు ఎత్తున ఉంది. అంటే నువ్వు చేయాల్సిన పనల్లా 195 కిలోలను పావు మీటరు పైకి చేర్చడం. యాభై కిలోల బియ్యం బస్తాను మీటరు ఎత్తు లేపితే ఎంత పనో, ఇదీ దాదాపు అంతే.

మరి అంత బరువుగా ఎందుకు ఉంటదంటే, మొదట్లోనే బలం ఎక్కువ కావాలె. టైరు నుంచి మీటరు దూరంలో హ్యాండిల్ పట్టుకుంటే మొదట కావాల్సిన బలం 84 కిలోలు. నలభై అయిదు డిగ్రీలకు వచ్చేసరికి 69. ముప్పైకి 49, పదిహేనుకు 25. నిటారు అయ్యేసరికి సున్నా. అందుకే మొదట్లో ఊపిరి బిగబట్టి గుంజినవాడు, చివర్లో బరువు మాయమై బండిని అవతలి పక్కకు పడేస్తడు.

బొగ్గుబాయిలో పనిచేసినోళ్లకు ఈ సూత్రం కొత్త కాదు. టన్ను బొగ్గుతో టబ్బు పట్టాలు తప్పితే దాన్ని ఎవరైనా చేతులతో ఎత్తుతరా? ముందు టబ్బులను గుంజే హాలేజ్ ఆపిస్తరు. టబ్బు ఉరకకుండా చక్రాలకు అడ్డం పెడతరు. అప్పుడు లివర్ వేసి, ఒక్కో చక్రాన్ని కొంచెం కొంచెంగా పట్టా మీదికి తెస్తరు. అడ్డం పెట్టకుండా లివర్ ముట్టుకోనియ్యరు. బండికి ఆ అడ్డం గేరు. పడ్డ బండిని గేరులో వేసి పెడితే లేపేటప్పుడు వెనుక చక్రం దొర్లదు.

ఇగ నడుము మాట. మన దగ్గర చాలామంది బండికి ఎదురుగా నిలబడి, వంగి, హ్యాండిల్ పట్టుకుని గుంజుతరు. వెన్నుపూసకు 40 సెంటీమీటర్ల ముందు 84 కిలోలున్నయనుకో. దాన్ని ఆపే వీపు కండరాలు వెన్నుకు వెనుక ఐదు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటయి. అంటే అవి ఎనిమిది రెట్లు లాగాలె, 670 కిలోలు. ఆ ఒత్తిడంతా నడుం కింది డిస్కుల మీద పడుతది. ఇరవై ముప్పై ఏండ్లు బాయిలో పైకప్పు తక్కువున్న చోట వంగి పనిచేసి, నైట్ షిఫ్ట్ దిగి ఇంటికి పోతున్న మనిషి నడుం అది. దాని మీద ఈ బరువు వేయొద్దు, నేను ప్రాధేయపడి చెప్తున్న.

బండికి వీపు చూపించు. హ్యాండిల్‌ను పడ్డ పక్కకే పూర్తిగా తిప్పు, కింది గ్రిప్ సీటు దగ్గరికి వస్తది. కూర్చున్నట్టు గుంజీ తీసి, పిరుదులను సీటు అంచుకు ఆనించు. ఒక చేయి ఆ గ్రిప్ మీద, ఇంకో చేయి వెనుక పట్టుకునే రాడ్డు మీద. వీపు నిటారుగా ఉంచి, మడమలు నేలకు తన్నుతూ చిన్న చిన్న అడుగులు వెనక్కి వెయ్యి. సీటు అంచు హ్యాండిల్ కంటే టైరుకు దగ్గర, 80 సెంటీమీటర్లే, కాబట్టి ఇక్కడ బలం 105 కిలోలు కావాలె. ఎక్కువే. కానీ దాన్ని మోసేది తొడలు, పిరుదులు. మన ఒంట్లో అన్నిటికంటే పెద్ద కండరాలు అక్కడివే, బరువు వెన్నుకు ఆనుకునే ఉంటది గనుక ఎనిమిది రెట్ల బాధ లేదు. సన్నగా ఉన్న ఆడపిల్లలు కూడా ఈ పద్ధతిలో బుల్లెట్‌ను లేపగలరు. ఇద్దరుంటే ఇంకా మంచిది. రోడ్డు మీద ఎవరినైనా "అన్నా, ఒక చెయ్యి వెయ్యవా" అని పిలువు. మన దగ్గర ఆగని మనిషి ఉండడు.

బండి కుడి పక్కకు పడితే, లేపకముందే సైడ్‌స్టాండ్ దించి పెట్టు. స్టాండ్ ఎడమ దిక్కున ఉంటది, బండి అటు దాటిపోయినా ఆగుతది. సైలెన్సర్ కుడి పక్కనే, కాలుతుంటది, పిక్క జాగ్రత్త. ఎడమకు పడితే స్టాండ్ కిందనే ఉండిపోతది, నిలబెట్టినంక ఒంటికాలితో దించాలె. బురద ఉంటే నీ మడమల కింద ఇంత కంకర వేసుకో.

నిలబెట్టినంక వెంటనే ఎక్కి పోవద్దు. క్లచ్, బ్రేకు లివర్లు వంగినయా, హ్యాండిల్ సూటిగా ఉందా చూడు. కార్బురేటర్ బండైతే పెట్రోల్ ఎక్కువై మొరాయిస్తది, నాలుగు నిమిషాలు ఆగు. 2020 తర్వాత వచ్చిన ఇంజెక్షన్ బుల్లెట్ స్టార్ట్ కాకపోతే భయపడకు. పడగానే ఇంజన్ ఆపే సెన్సర్ అందులో ఉంటది. తాళం ఒకసారి ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేస్తే సరిపోతది.