పాట ఆగితే నల్ల వైరు చూడండి

శ్రీకాకుళంలో 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి ఉత్తరంగా పోతూ ఉంటే ఖరగ్‌పూర్ తగులుతుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో మా వైపువాళ్లు పని వెతుక్కుంటూ అక్కడికి రైల్లో పోయారు. మేం అక్కడి మాతా పూజకని కారులో పోయాం. బాలాసోర్ దాటాక మ్యూజిక్ సిస్టమ్ మొండికేసింది. ఒక గుంతలో ఆగుతుంది, ఇంకో గుంతలో పాడుతుంది.

మా చిన్నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. రైలు పెట్టె చెడినా చెడకపోయినా గడువుకు విప్పి చూసే చోటు అది. ఖరగ్‌పూర్ మలంచాలో ఆయన ఇంటి ముందు బండి ఆపగానే స్క్రీను వైపు చూడకుండా డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టాడు. "సెట్టు సావదురా, జాయింటే సస్తాది" అంటూ నల్ల వైరు బయటికి లాగాడు. స్టీరియో బిగించినతను దాన్ని ఉత్తినే మెలిపెట్టి టేపు చుట్టాడు. జిగురు ఎండవేడికి కారిపోయింది, రాగికి చిలుము పట్టింది.

పసుపు వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, ఎర్రదానిలో తాళం తిప్పితేనే. నల్లది ఎర్త్, పేరుకే లెండి, టైర్ల మీద నిలబడ్డ బండికి భూమితో పనేముంది! బ్యాటరీ నెగటివ్‌ను బాడీకి కలిపి, ఆ ఇనుమునే కరెంటు తిరిగొచ్చే దారిగా వాడుకుంటారు. ఆ దారిలో చిలుము వల్ల 0.1 ఓం నిరోధం చేరిందనుకోండి. పాట గట్టిగా మోగి 10 ఆంపియర్లు లాగితే ఒక వోల్టు అక్కడే హరించుకుపోతుంది, 10 వాట్ల వేడి పుడుతుంది. వేలి కొసంత ముడిలో అది తక్కువేం కాదు. ఆల్టర్నేటర్ అలజడి కూడా ఇలాంటి చోటి నుంచే స్పీకర్లలోకి దూరుతుంది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ పెరిగే ఈల అదే.

వైర్లను కలపడానికి కంపెనీ బిగించిన కప్లర్లకూ ఈ జబ్బు తప్పదు. పిన్నుల మీద తగరం పూత ఉంటుంది. బండి అదురుకు పిన్ను కొన్ని మైక్రోమీటర్లు అటూ ఇటూ కదులుతుంది. రాసుకున్నచోట కొత్త తగరం బయటపడుతుంది, గాలి తగిలి ఆక్సైడ్ అవుతుంది, మళ్లీ రాసుకుంటుంది. కొన్నేళ్లకు నల్లటి పొడి పేరుకుని కరెంటుకు అడ్డం పడుతుంది. కప్లర్ ఊడదీసి మళ్లీ గుచ్చితే సెట్టు బాగుపడేది అందుకే, పొడి గీరుకుపోతుంది. కొన్నాళ్లకు మళ్లీ మొదలు.

కరెంటు కూడా నిలకడైంది కాదు. 12 వోల్టులంటాం గానీ ఇంజను నడిచేటప్పుడు 14 దాకా ఉంటుంది, సెల్ఫ్ కొట్టినప్పుడు 9కి, బ్యాటరీ నీరసంగా ఉంటే ఇంకా కిందికి జారుతుంది. స్క్రీను ఆరి వెలగడానికి చాలాసార్లు కారణం ఇంతే. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడిందంటే మాత్రం ఆల్టర్నేటర్ ఒక్కసారిగా పదుల వోల్టులు విసురుతుంది. ఆల్టర్నేటర్‌ను పరీక్షిద్దామని కావాలనే టెర్మినల్ ఊడదీసే మెకానిక్‌లున్నారు. అలాంటి చోట బండి ఇవ్వకండి.

చిన్నాన్న సూత్రం చెల్లని బళ్లూ వచ్చాయి. 2021లో అమెరికాలో టెస్లా దాదాపు 1,35,000 కార్లను వెనక్కి పిలిచింది. వాటి స్క్రీను వెనకున్న 8 జీబీ ఫ్లాష్ మెమరీ, రాసి చెరిపి రాసి చెరిపి అరిగిపోయేది. దాంతో వెనక కెమెరా బొమ్మ కూడా పోయేది. 2022 జనవరిలో సియాటిల్‌లో జరిగింది ఇంకా విడ్డూరం. ఒక రేడియో స్టేషను పాటతో పాటు పంపిన బొమ్మల ఫైళ్లకు పేరు చివర ఉండాల్సిన తోక లేదు. ఆ స్టేషను పెట్టుకున్న 2014–17 నాటి మాజ్దా కార్ల సెట్లు వాటిని పోల్చుకోలేక ఆగి మొదలై, ఆగి మొదలై, చివరికి పనికిరాకుండా పోయాయి. వైర్లన్నీ భేషుగ్గానే ఉన్నాయి.

నేను ఈ కథ చెబుతుంటే చిన్నాన్న ఆకురాయితో బాడీ మీద రంగు గీకుతున్నాడు. కింద ఇనుము మెరిశాక, వైరుకు లగ్ నొక్కి బోల్టు బిగించాడు.

"అయితే రేడియో ఇనడం కూడా తప్పేనేటిరా?" అని చేతులు తుడుచుకుని, "సెల్ఫ్ కొట్టు" అన్నాడు.