మన ఊరి పేజీ రాసిందెవరు?

చిక్కడపల్లి: అశోక్‌నగర్ సందుల్లో ఏ అద్దె గది తలుపు తట్టినా ఏదో ఒక పల్లె పేరు వినిపిస్తుంది. సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలు జిల్లాల నుంచి వచ్చి ఇక్కడే మకాం వేస్తారు. పొద్దున్నే నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ పట్టుకుని పుస్తకాలతో కుస్తీ పడతారు. మధ్యలో ఫోను తీసి సొంత ఊరి పేరు కొడితే, తరచూ ముందుగా కనిపించేది తెలుగు వికీపీడియా. ఊరికో పేజీ ఉన్నదని సంబరం. చదివాక మాత్రం కొందరి మొహాలు చిన్నబోతాయి.

కారణం లేకపోలేదు. చాలా ఊళ్ల పేజీల్లో ఉన్నవి అంకెలే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇళ్లు ఇన్ని, జనం ఇందరు, విస్తీర్ణం ఇన్ని హెక్టార్లు, పిన్‌కోడ్ ఇది. ఊరికి ఆయువుపట్టయిన చెరువు మాటే ఉండదు. పక్క ఊరి పేజీ తెరిస్తే గుడి, బడి, శాసనం, వాగు, సంత అన్నీ ఉంటాయి. ఇంకో ఊరి పేజీలో ఊరు తక్కువ, నాయకుడి పొగడ్త ఎక్కువ. ఒకే చోట ఇన్ని రకాలేమిటి?

రాసేది మనలాంటి వాళ్లే కనుక! వికీపీడియా ఎవరైనా రాయగల విజ్ఞాన సర్వస్వం. 2001 జనవరిలో ఇంగ్లీషులో పుట్టింది. వెన్న నాగార్జున చొరవతో 2003 డిసెంబరులో తెలుగులో మొదలైంది. రాసినవారికి జీతం లేదు, భత్యం లేదు. విద్యార్థులు, గుమస్తాలు, పింఛనుదార్లు, ఇంజనీర్లు తీరిక వేళల్లో రాస్తారు. కొమర్రాజు లక్ష్మణరావు వంటి మహాపండితుడు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలతో, 'అ' అక్షరం దాటకుండానే ఆగింది. 1923లో ఆయన కన్నుమూశారు. ఈ ఔత్సాహికులు రాసిన వ్యాసాలు లక్ష దాటాయి. అందులో గింజ ఎంత, పొల్లు ఎంత అన్నది వేరే లెక్క.

డబ్బిచ్చి రాయిస్తే బాగుంటుందా అంటే, ఆ ముచ్చటా తీరింది. 2009-11 మధ్య గూగుల్ సంస్థ అనువాదకులకు సొమ్ము ఇచ్చి, తన యంత్రం సాయంతో ఇంగ్లీషు వ్యాసాలను తెలుగులోకి దించింది. వందలకొద్దీ వచ్చిపడ్డాయి. తెలుగు అక్షరాలే గానీ తెలుగు వాక్యాలు కావు. వాటిని బాగుచేయలేక కూలి లేని రచయితలు తలపట్టుకున్నారు.

అదే రచయితల ఓపిక మరోసారి బయటపడింది. 2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలు 31 అయ్యాయి. 2019లో మరో రెండు చేరాయి. నిన్నటిదాకా ఒక జిల్లాలో ఉన్న ఊరు తెల్లవారేసరికి మరో జిల్లాకు పోయింది. ప్రభుత్వ ఉత్తర్వులు ముందు పెట్టుకుని వేల ఊళ్ల పేజీల్లో మండలం, జిల్లా సరిచేసింది వీరే. ఇంత పనీ పత్రికల్లో పతాక శీర్షిక కాలేదు.

పొగడ్త కంటే ప్రమాదకరమైనది పాతబడ్డ నిజం. పాత పుస్తకం చూసి 'ముషీరాబాద్‌లో జైలు ఉన్నది' అని రాశారనుకోండి. ఆధారం ఉన్నట్టే, మాట మాత్రం తప్పు. ఆ స్థలంలో 2003 నుంచి ఉన్నది గాంధీ ఆస్పత్రి. ఇక్కడైతే తెలిసినవారు లక్షల మంది, ఎవరో ఒకరు దిద్దుతారు. రెండు వందల గడపల పల్లె పేజీని చూసేదెవరు? అక్కడి తప్పు ఏళ్ల తరబడి అలాగే కూర్చుంటుంది. పైగా ఈమధ్య ప్రశ్న అడిగితే జవాబు చెప్పే యంత్రాలు కూడా వికీపీడియాను చదివే నేర్చుకున్నాయి. ఒక చోట పడ్డ తప్పు పది చోట్లకు పాకుతున్నది.

దిద్దడం కష్టమేమీ కాదు. పేజీ పైభాగాన 'సవరించు' అనే మాట ఉంటుంది. రాసి, ఎక్కడ చూసి రాశారో కింద చెప్పాలి. అచ్చయిన పుస్తకం, పత్రిక, ప్రభుత్వ గెజిట్టు ఏదైనా సరే. 'మా తాత చెప్పాడు' చెల్లదు. రాముడు వనవాసంలో తమ ఊళ్లోనే బస చేశాడని చెప్పని పల్లె అరుదు. ఏదైనా స్థలపురాణ గ్రంథంలో ఉంటే దాని పేరు చెప్పి, నమ్మకంగా రాయవచ్చు, చరిత్రగా కాదు. చేయి తిరగనివారికి 'ప్రయోగశాల' అని ఒక పుట ఉన్నది, అందులో ఎన్ని తప్పులు రాసినా ఇబ్బంది లేదు. సందేహాలు అడిగే చోటుకు పెట్టిన పేరు 'రచ్చబండ'. ఎవరు ఏ రోజు ఏ మాట మార్చారో పేజీ చరిత్రలో నమోదవుతుంది. చెడగొట్టినది మళ్లీ పాత రూపానికి తేవచ్చు. అందుకే కోపంతో ఒకరు, అభిమానంతో ఒకరు రాసినవి సాధారణంగా ఎక్కువ కాలం నిలవవు, చూసేవారుంటే.

పండుగకు ఊరెళ్లే అశోక్‌నగర్ పిల్లలు చెరువు గట్టు, బడి, ధ్వజస్తంభం ఫొటోలు తీసి పెట్టవచ్చు. తాము తీసినవే అయి ఉండాలి. వాట్సాప్‌లో వచ్చినవి పనికిరావు.