పుట్టినరోజు కోసం ఎదురుచూసే పరుగువీరులు

యాభై తొమ్మిది నడుస్తున్న మనిషి అరవై ఎప్పుడు నిండుతుందా అని వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం ఎక్కడైనా చూశారా? దూరపు పరుగు పందేల్లో ఇది మామూలే. మాస్టర్స్ అథ్లెటిక్స్‌లో 35 ఏళ్ల నుంచి ఐదేళ్లకో విభాగం ఉంటుంది. 59లో ఉన్నవాడు తన విభాగంలో అందరికంటే ముసలివాడు. మర్నాడు అరవై నిండిందంటే పై విభాగంలో అందరికంటే కుర్రాడు! పతకాలన్నీ ఊరిస్తుంటాయి. వయసు పెరిగినందుకు సంబరపడే ఆట ఇంకొకటి ఉంటుందని నేననుకోను.

ఈ విభాగాలతో తొలి ప్రపంచ పోటీలు 1975లో టొరంటోలో జరిగాయి. వాటిని నడిపే అంతర్జాతీయ సంఘం 1977లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో పుట్టింది. తాతా మనవరాలూ ఒకే పందెంలో పరిగెత్తితే ఎవరు గొప్ప అన్న పేచీ తీర్చడానికి ‘ఏజ్ గ్రేడింగ్’ పట్టికలు కూడా ఉన్నాయి. ఎవరి వయసుకు, ఎవరి లింగానికి ఉన్న అత్యుత్తమ ప్రమాణంతో వాళ్ల టైమును పోల్చి శాతం కడతారు. తాత ఇరవై నిమిషాలు వెనకబడినా శాతంలో గెలవచ్చు. ఇంటికొచ్చాక ఆ సంగతి ఆయన ఎన్నాళ్లు చెబుతాడో వేరే చెప్పక్కర్లేదు.

శ్మశానంలో మూడు గంటలు

ఈ రంగంలో ఒక్క పేరే గుర్తుపెట్టుకోవాలంటే అది ఎడ్ విట్‌లాక్. లండన్‌లో పుట్టిన మైనింగ్ ఇంజినీరు. కుర్రతనంలో బాగా పరిగెత్తాడు. కెనడాకు వెళ్లాక మానేసి, మళ్లీ నలభైల్లో మొదలుపెట్టాడు. 2003లో, 72 ఏళ్ల వయసులో, టొరంటోలో మారథాన్‌ను 2 గంటల 59 నిమిషాల 10 సెకన్లలో ముగించాడు. డెబ్భై దాటిన మనిషి మూడు గంటల లోపు మారథాన్ పూర్తిచేయడం ప్రపంచంలో అదే మొదటిసారి. మరుసటేడు ఇంకా వేగంగా 2:54:48లో వచ్చాడు. అంటే కిలోమీటరు సుమారు 4 నిమిషాల 9 సెకన్లు, అలా 42 కిలోమీటర్ల పైచిలుకు. రోజూ పరిగెత్తే పాతికేళ్ల వాళ్లను అడిగి చూడండి, ఆ పేస్‌లో ఐదు కిలోమీటర్లు లాగగలరేమో.

ఆయన సాధన ఎక్కడ? మిల్టన్ అనే ఊళ్లో, ఇంటి దగ్గరున్న శ్మశానంలో. సమాధుల మధ్య ఉన్న చిన్న దారిలోనే చుట్టూ చుట్టూ తిరిగేవాడు. ఒక్కో రోజు మూడేసి గంటలు. బండ్ల రద్దీ ఉండదు, అలసిపోతే ఇల్లు పక్కనే. ఎన్ని చుట్లయ్యాయో లెక్క ఉండదు, గడియారం చూసుకుని ఆపేయడమే. కోచ్ లేడు, ప్రత్యేకమైన తిండి లేదు, స్ట్రెచింగ్ అసలే లేదు. కాళ్లకు ఏళ్ల నాటి పాత బూట్లు. ఇప్పుడు మన పార్కుల్లో పదిహేను వేల బూట్లు, ముంజేతికి జీపీఎస్ వాచీ, నడుముకు జెల్ ప్యాకెట్ల బెల్టు పెట్టుకుని కనిపించేవారి మధ్య ఆ మనిషిని నిలబెడితే, పొద్దున పాల ప్యాకెట్ కోసం వచ్చాడనుకుంటారు.

2016 అక్టోబరులో, 85 ఏళ్లకు, అదే టొరంటోలో 3:56:34లో ముగించాడు. ఆ వయసులో నాలుగు గంటల లోపు మారథాన్ చేసిన మొదటి మనిషీ ఆయనే. ఐదు నెలల తర్వాత, 86 నిండిన వారానికి, ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయాడు.

కంపోజిటర్ గుండె

అమెరికాలో క్లారెన్స్ డిమార్ అని ప్రింటింగ్ ప్రెస్సులో అచ్చులు కూర్చే కంపోజిటర్ ఉండేవాడు. బోస్టన్ మారథాన్‌ను ఏడుసార్లు గెలిచాడు. చివరి గెలుపు 1930లో, 41 ఏళ్ల వయసులో. మొదట్లోనే ఒక డాక్టరు గుండెలో ఏదో తేడా శబ్దం వినిపిస్తోందని, పరుగు మానేయమని చెప్పాడట. మానలేదు సరిగదా 1911లో బోస్టన్ గెలిచాడు, అరవైల్లోనూ పందేలకు వెళ్తూనే ఉన్నాడు. 1958లో క్యాన్సర్‌తో చనిపోయాక పోస్ట్‌మార్టంలో చూస్తే, గుండెకు రక్తం అందించే ధమనులు మామూలు మనిషికన్నా రెండు మూడింతలు వెడల్పుగా ఉన్నాయి. 1961లో ఈ సంగతి ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో వచ్చింది. ఒక్క మనిషి గుండెను చూసి ఏదీ తేల్చలేం. కానీ పరుగు గుండెకు చేటు అన్న అప్పటి భయాన్ని ఆ వ్యాసం బాగానే కదిలించింది.

ఏడు నిమిషాలకే ఇంటిముఖం

ముప్ఫై దాటాక మొదటిసారి పరుగు మొదలెట్టి ఏం సాధిస్తాంలే అనుకునేవారికి జాక్ ఫాస్టర్ కథ చెప్పాలి. న్యూజీలాండ్‌లో స్థిరపడిన సైకిల్ పందేల మనిషి. 32 ఏళ్లప్పుడు కుటుంబంతో పిక్నిక్‌కు వెళ్లి, సరదాగా కాసేపు పరిగెత్తొస్తానని బయల్దేరాడు. చాలాసేపు పరిగెత్తాననుకుంటూ ఒగరుస్తూ తిరిగొస్తే, ఏమైనా మర్చిపోయారా అని భార్య అడిగింది. గడిచింది ఏడు నిమిషాలే! అదే మనిషి 1974 కామన్వెల్త్ క్రీడల్లో 41 ఏళ్ల వయసులో మారథాన్ రజతం గెలిచాడు. టైము 2:11:19. నలభై దాటినవారిలో ఆ రికార్డు పదహారేళ్లు చెక్కుచెదరలేదు. ఇప్పుడది ఇథియోపియా దిగ్గజం కెనెనిసా బెకెలె పేరున 2:04:15. 2024 లండన్‌లో 41 ఏళ్లప్పుడు పరిగెత్తాడు.

బ్రిటన్‌కు చెందిన ప్రిసిల్లా వెల్చ్‌ది ఇంకో తీరు. ముప్ఫైల మధ్యలో పరుగు మొదలెట్టేనాటికి ఆవిడ సిగరెట్లు బాగా తాగేది. 1987లో, 42 ఏళ్లకు, న్యూయార్క్ మారథాన్ మహిళల విజేత.

ఉప్పెన ముందా, తర్వాతా?

ఫౌజా సింగ్ పేరు చాలామంది విన్నదే. జలంధర్ దగ్గరి బియాస్ పిండ్ ఆయన సొంతూరు. లండన్‌లో ఉంటూ 89 ఏళ్లకు తొలి మారథాన్ చేశాడు. 2011లో టొరంటోలో, నూరేళ్ల వయసులో, 8 గంటల 11 నిమిషాల్లో మారథాన్ ముగించాడు. అయినా గిన్నిస్ వారు రికార్డు ఇవ్వలేదు. కారణం, జనన ధ్రువపత్రం లేదు. బ్రిటిష్ పాస్‌పోర్టులో 1911 ఏప్రిల్ 1 అని ఉన్నా చాలదన్నారు. 1911లో పంజాబు పల్లెలో పుట్టిన పిల్లవాడికి సర్టిఫికెట్ ఎవరిస్తారు? 2025 జులైలో సొంతూరి దగ్గర రోడ్డు దాటుతుంటే వాహనం ఢీకొని 114 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆ రికార్డు మాత్రం పుస్తకంలోకి ఎక్కనేలేదు.

మన ఊళ్లలోనూ పెద్దల వయసు ఉప్పెన ముందా తర్వాతా, కరువు ఏడా మరుసటేడా అనే లెక్కల్లోనే ఉండేది. ఆ తర్వాతి తరానికి బడిలో చేర్చుకున్న మాస్టారు వేసిన తేదీయే పుట్టినరోజైంది. ఇందులో మాస్టర్స్ పోటీలకు పనికొచ్చే ఒక తిరకాసు ఉంది. అసలు వయసు 61, పదో తరగతి సర్టిఫికెట్‌లో 59 అనుకోండి. ఉద్యోగంలో రెండేళ్లు కలిసొచ్చాయని మురిసిపోయిన మనిషే, పందెంలో ఇంకో ఏడాది కుర్రకారుతో పోటీపడాలి.

ఆడవాళ్లే ఇప్పుడు ముందు

అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య అధికారికంగా గుర్తించిన, మహిళలకే ప్రత్యేకమైన తొలి మారథాన్ 1979లో టోక్యోలో జరిగింది. గెలిచింది 42 ఏళ్ల ఇంగ్లండ్ తల్లి జాయిస్ స్మిత్. ఆ గుంపులో 21 ఏళ్ల జపాన్ అమ్మాయి మారికో యుగెటా కూడా ఉంది. తర్వాత పెళ్లి, పిల్లలు, హైస్కూల్లో పీఈటీ ఉద్యోగం. మూడు గంటల లోపు రావాలన్న కోరిక యాభైలు ముగియబోతుండగా గానీ తీరలేదు. అక్కడితో ఆగిందా? 2019లో 61 ఏళ్లకు 2:59:15. అరవై దాటిన స్త్రీ మూడు గంటల లోపు ముగించడం అదే మొదలు. 2021లో 62 ఏళ్లకు ఒసాకాలో 2:52:13. పాతికలో అందనిది అరవైలో అందడం నాకు ఈ జాబితా మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి.

కొరియాలో పుట్టి అమెరికాలో ఉంటున్న జీనీ రైస్ బరువు తగ్గడానికి 35 ఏళ్లప్పుడు పరుగు మొదలెట్టింది. 2024లో 76 ఏళ్లకు లండన్ మారథాన్‌ను 3 గంటల 33 నిమిషాల్లో ముగించింది. శాస్త్రవేత్తలు ల్యాబుకు పిలిచి, ఆమె ఒంటికి ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం ఎంతో కొలిచారు. కిలో బరువుకు నిమిషానికి 47.9 మిల్లీలీటర్లు వచ్చింది. అది ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల అమ్మాయి స్థాయి. సాధన లేనివారిలో ఈ సామర్థ్యం ముప్ఫై తర్వాత పదేళ్లకు సుమారు పది శాతం చొప్పున తగ్గుతుంది. గట్టిగా సాధన చేసేవారిలో ఆ తరుగుదల దాదాపు సగమే.

“మోకాళ్లు అరిగిపోతాయి”

పరుగు మొదలెట్టిన ప్రతి నడివయసు మనిషికీ ఇంట్లో, వీధిలో, పెళ్లి పందిట్లో వినపడే మాట ఇది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు దూరపు పరుగువాళ్ల మోకాళ్లకు, పరిగెత్తని వాళ్ల మోకాళ్లకు దాదాపు 18 ఏళ్లపాటు ఎక్స్‌రేలు తీస్తూ వచ్చారు. పరిగెత్తేవాళ్లలో అరుగుదల ఎక్కువేమీ కనిపించలేదు. 1984లో యాభై దాటిన రన్నర్లతో మొదలుపెట్టిన వారి మరో అధ్యయనంలో, 19 ఏళ్లకు రన్నర్లలో 15 శాతం, మిగతావారిలో 34 శాతం చనిపోయారు. మొదట్నుంచీ ఒళ్లు బాగున్నవారే పరుగులోకి వస్తారన్న వాదన ఉండనే ఉంది. అప్పటికే మోకాలు పాడైనవారు డాక్టర్ని అడక్కుండా దిగొద్దు.

హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో, చెమట ఆరని ఉక్కలో, ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ గచ్చిబౌలి వైపు సాగుతుంది. అందులో నెరిసిన తలలకు కొదవలేదు. “ఫుల్లా, హాఫా?” అని ఒకరినొకరు పలకరించుకుంటారు. మూడో ప్రశ్నకల్లా మోకాళ్ల మీదికి వస్తారు.

బంగాళదుంపల రైతు

1983లో ఆస్ట్రేలియాలో సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌కు 875 కిలోమీటర్ల పందెం పెట్టారు. 61 ఏళ్ల బంగాళదుంపల రైతు క్లిఫ్ యంగ్ కూడా బయల్దేరాడు. కాలు పెద్దగా ఎత్తకుండా ఈడ్చుకుంటూ వెళ్లే నడకలాంటి పరుగు ఆయనది. 5 రోజుల 15 గంటల్లో అందరికంటే ముందు చేరాడు. లెక్కేస్తే గంటకు ఆరున్నర కిలోమీటర్లు, చురుగ్గా నడిచేవాడి వేగం. మిగతావాళ్లు నిద్రపోయిన వేళల్లో ఈయన సాగుతూనే ఉండటమే కిటుకు. వచ్చిన పదివేల డాలర్లను తోటివారికి పంచేశాడు. ఆ ఈడ్పు నడకను తర్వాత కుర్ర రన్నర్లు కూడా నేర్చుకున్నారు.

ఐర్లండ్ తండ్రీకొడుకులు

టామీ హ్యూస్ ఉత్తర ఐర్లండ్ వాసి, 1992 ఒలింపిక్స్ మారథానర్. 2019లో 59 ఏళ్లప్పుడు కొడుకుతో కలిసి ఫ్రాంక్‌ఫర్ట్‌లో పరిగెత్తాడు. ఇద్దరి టైములు కలిపితే 4:59:22, తండ్రీకొడుకుల ప్రపంచ రికార్డు. తండ్రిది 2:27:52, కొడుకుది 2:31:30.

ఒక నిమిషం 57 సెకన్లు

దక్షిణాఫ్రికాలో కామ్రేడ్స్ అనే పందెం ఉంది. డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ నగరాల మధ్య సుమారు 88 కిలోమీటర్లు. 1980ల్లో కటాఫ్ 11 గంటలు. గడువు ముగిసే సమయానికి ఒక అధికారి రన్నర్లకు వీపు తిప్పి నిలబడి తుపాకీ పేలుస్తాడు. ఎవరు ఎంత దగ్గర్లో ఉన్నారో చూస్తే జాలి కలుగుతుందని ఆ ఏర్పాటు. సెకను ఆలస్యమైనా పతకం లేదు.

వాలీ హేవర్డ్ ఈ పందేన్ని 1930లో, 21 ఏళ్లప్పుడు గెలిచాడు. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ వచ్చి 1950 నుంచి 54 మధ్య ఇంకో నాలుగుసార్లు గెలిచాడు. 1988లో 79 ఏళ్లకు తిరిగొచ్చి 9 గంటల 44 నిమిషాల్లో ముగించాడు. ఆయన వెనక వేలమంది ఉన్నారు. అక్కడితో చాలించమని ఇంట్లోవాళ్లు చెప్పే ఉంటారు. మరుసటేడు, 81కి దగ్గరపడుతూ, మళ్లీ దిగాడు. ఈసారి ఒళ్లు సహకరించలేదు. చివరి కిలోమీటర్లు తూలుతూ, ఆగుతూ వచ్చి గీత దాటేసరికి తుపాకీ పేలడానికి ఒక నిమిషం 57 సెకన్లు మిగిలాయి.