అప్పు లేని చదువు

హైదరాబాదు పాతబస్తీలో చిన్న దర్జీ దుకాణం నడుపుకునే ఒక తండ్రి కథ ఇది. ఆయన పెద్ద కుమార్తెకు ఎప్‌సెట్‌లో 10,000 లోపు ర్యాంకు వచ్చింది. ఆ రాత్రి దస్తర్‌ఖాన్ చుట్టూ సంతోషంతో పాటు ఒక సమస్య కూడా వచ్చి కూర్చుంది.

అమ్మాయి ముందు రెండు దారులున్నాయి. ఒకటి, పొరుగు రాష్ట్రంలోని ప్రైవేటు విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్. దానికి లక్షల్లో రుసుము కట్టాలి. రెండవది, ఉస్మానియా ఇంజినీరింగ్ కళాశాలలో సివిల్ విభాగం. "బ్యాంకు రుణం తీసుకుందాం దుల్హాభాయ్, ఉద్యోగం రాగానే తనే తీర్చుకుంటుంది" అన్నాడు మేనమామ. తండ్రి మౌనంగా ఉండిపోయాడు. వడ్డీ గడప దాటి లోపలికి రాకుండా ఆయన ఇరవై ఏళ్లుగా కాపాడుకొస్తున్న ఇల్లు అది.

చివరకు అమ్మాయే నోరు విప్పింది: "అబ్బా, నా చదువు కోసం మీరు వడ్డీ కట్టవద్దు. నేను ఉస్మానియాకే వెళతాను."

బంధువుల్లో కొందరు పెదవి విరిచారు. ఉచితంగా వచ్చినదానికి విలువ తక్కువని మనలో చాలామంది భావిస్తారు. అయితే ఈ సీటు దానంగా దొరికినది కాదు. తెలంగాణలో నిర్ణీత ఆదాయ పరిమితికి లోబడిన బీసీ విద్యార్థులకు ఇంజినీరింగ్ బోధనా రుసుములో సాధారణంగా 35,000 రూపాయల వరకే ప్రభుత్వం చెల్లిస్తుంది. 10,000 లోపు ర్యాంకు సాధించినవారికి మాత్రం మొత్తం చెల్లిస్తుంది. బీసీ-ఈ జాబితాలోని ముస్లిం కుటుంబాలు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి. ఆ అమ్మాయి పొందినది తన శ్రమకు దక్కిన ప్రతిఫలం.

ఇక ఆ విద్యాలయం సామాన్యమైనదా? ఉర్దూ బోధనా భాషగా 1918లో ఆరంభమైన విశ్వవిద్యాలయం అది. దాని ఇంజినీరింగ్ కళాశాల 1929 నాటిది.

రుసుము మాఫీ అయినంత మాత్రాన ఖర్చులన్నీ తీరిపోవు. పరీక్ష రుసుములు, పుస్తకాలు, కంప్యూటరు మిగిలే ఉంటాయి. మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉన్నందున రాకపోకల భారం మాత్రం తప్పింది. ప్రతి సంవత్సరం ఈ-పాస్‌లో దరఖాస్తును పునరుద్ధరించాలి. ఆదాయ ధ్రువపత్రం, ఆధార్ అనుసంధానమైన బ్యాంకు ఖాతా సిద్ధంగా ఉండాలి. హాజరు 75 శాతానికి తగ్గరాదు. ప్రభుత్వ సొమ్ము ఒక్కోసారి ఆలస్యమవుతుంది. అప్పుడు కంగారుపడి అప్పులవాళ్లను ఆశ్రయించకుండా, నెలనెలా కొంత పక్కన పెట్టుకోవడం మేలు.

పెద్దల బాధ్యత మరొకటుంది. పెళ్లిళ్లు, విందుల పేరుతో అమ్మాయిని వారాల తరబడి కళాశాల మాన్పిస్తే, ఆమె కష్టపడి గెలుచుకున్నదాన్ని మనమే పోగొట్టినవాళ్లమవుతాం. చదువుకునే వేళ ఇంటి పనుల నుండి ఆమెను విడిపించడం కూడా సాయమే.

ఇప్పుడా అమ్మాయి రోజూ ఫజ్ర్ నమాజు ముగించుకుని బస్సు అందుకుంటుంది. సాయంత్రం తిరిగివచ్చాక తొమ్మిదవ తరగతి చదువుతున్న తమ్మునికి లెక్కలు నేర్పుతుంది. దుకాణంలో కుట్టుమిషన్ మునుపటిలాగే నడుస్తోంది. తండ్రి తల మీద అప్పు లేదు. ఆ ఇంట్లో ఇప్పుడు తమ్ముడు కూడా ర్యాంకు గురించే మాట్లాడుతున్నాడు.